వాడిన ఎయిర్ రైఫిల్: అరిగేది బ్యారెల్ కాదు

అపోహ: పాత రైఫిల్ గురి తప్పుతోందంటే బ్యారెల్ (గొట్టం) అరిగిపోయినట్టే.

విజయవాడలో పిల్లలకు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పుతున్న నా దగ్గరకు ఈ దిగులుతో వచ్చే తల్లిదండ్రులు ఎందరో. ఈ పుకారును నమ్మి, బాగున్న రైఫిల్‌ను అయినకాడికి అమ్మేసి, అప్పు చేసి కొత్తది కొన్న కుటుంబాలను చూశాను కనుక గట్టిగానే చెబుతున్నాను.

వాస్తవం: ఎయిర్ రైఫిల్‌లో మందు పేలదు, మంట ఉండదు; మెత్తటి సీసపు పెల్లెట్ (చిన్న గుండు) సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో గాలి ఒత్తిడికి వెళుతుంది. బ్యారెల్ లోపలి ఉక్కు గాడులు అరగడానికి అక్కడ కారణమే లేదు. బ్యారెల్ పాడైందంటే చాలావరకు ఎవరో ఇనుప కడ్డీతో మొరటుగా శుభ్రం చేసి ఉంటారు, లేదా మూతి అంచుకు దెబ్బ తగిలి ఉంటుంది.

గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే ఒక తండ్రి, బ్యారెల్ మార్పించమని ఎవరో చెప్పగా, కూతురి రైఫిల్ పట్టుకొని వచ్చారు. స్టాక్‌ను (భుజానికి ఆనించే భాగాన్ని) బిగించే మరకు అలెన్ కీ పెట్టగానే అది ఏ బలమూ అక్కరలేకుండా తిరిగింది. దానిని బిగించి, రైఫిల్‌ను వైస్‌లో (బల్లకు బిగించే పట్టులో) కదలకుండా పట్టించి, 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పెల్లెట్లు ఐదేసి కాల్చాము. 4.51కి రంధ్రాలు విడివిడిగా పడ్డాయి, 4.49కి ఐదూ కలిసి ఒకే చిల్లు అయ్యాయి. ఆయన ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే కాబట్టి, పెల్లెట్ నప్పకపోయినా, మర వదులైనా ఆ తేడా వెంటనే స్కోరులో కనబడుతుంది.

వయసు మీద పడేది గాలి కారకుండా ఆపే సీళ్లకు, గాలి నింపే సిలిండర్‌కు. దాదాపు 200 బార్ ఒత్తిడితో గాలిని మోసే ఆ సిలిండర్లలో చాలావాటికి తయారైన నాటి నుంచి 10 ఏళ్ల గడువు ఉంటుంది, తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది. గడువు దాటనిది వాడే బాధ్యత పోటీలలో షూటర్‌దే. బేరమాడేటప్పుడు బ్యారెల్‌లోకి తొంగి చూసేవారే గాని ఈ తేదీ చదివేవారు అరుదు. కొత్త సిలిండర్ ధర కలుపుకుంటే చవక బేరం చవకగా మిగలదు. మే నెల ఎండలో నిలిపిన కారులో నింపిన సిలిండర్‌ను వదలకండి.

పాత యజమాని సరిచేసిన సైట్లు (గురి చూసే అమరిక) మీ బిడ్డకు పనికిరావు; కన్ను వేరు, చెంప ఆనే తీరు వేరు. పెల్లెట్లన్నీ ఒక్కచోటే గుంపుగా పక్కకు పడుతుంటే సైట్ తిప్పితే చాలు, చెదిరితేనే లోపం వెతకాలి. ఇక లైసెన్సు భయం: 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్‌ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు; అయినా రసీదు రాయించుకోండి.

డబ్బు చేతిలో పెట్టేముందు వైస్‌లో బిగించి కాల్చి చూపమని అడగండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఆ బేరం మానుకోండి.