సోంపు నీళ్లు, పాలపొడి డబ్బా: డియర్‌బోర్న్ అరబ్ తల్లుల కథ

అమెరికాలోని డియర్‌బోర్న్‌కు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో పని కోసం లెబనాన్, యెమెన్ మనుషులు వందేళ్ల కిందటే వచ్చారు. 1975లో లెబనాన్ అంతర్యుద్ధం, 1991లో గల్ఫ్ యుద్ధం ఇంకెన్నో కుటుంబాలను అక్కడికి చేర్చాయి.

ఆ తల్లులు వెంట తెచ్చుకున్న పద్ధతి గట్టిదే. బిడ్డకు నిండా రెండేళ్లు పాలిచ్చే మాట ఖురాన్‌లోనే ఉంది. పురిటి నలభై రోజులూ తల్లో అత్తో పక్కనుండి వండిపెడుతుంది. వలసలో ఆ పెద్దదిక్కే లేకుండా పోయింది.

అదే కాలంలో పేద తల్లీబిడ్డలకు ప్రభుత్వం సరుకులిచ్చే ‘విక్’ పథకం వచ్చింది. 1972లో ప్రయోగంగా మొదలై 1975లో శాశ్వతమైంది. పాలపొడి ఉచితం. చిక్కంతా ఇక్కడే. రాత్రి ఒక సీసా పడితే ఆ పూట రొమ్ములో పాలు నిలిచిపోతాయి, నిలిస్తే ఊరడం తగ్గుతుంది. చాలడం లేదని తల్లి ఇంకో సీసా కలుపుతుంది. దీన్ని తల్లి అజ్ఞానం అనడం అన్యాయం. 2009లో నియమాలు మార్చి, పూర్తిగా తన పాలే ఇచ్చే తల్లికి ఎక్కువ సరుకులు ఇచ్చారు, శిశువుల జాబితాలోంచి పండ్లరసం తీసేశారు.

పసిబిడ్డ కడుపునొప్పికి ఈ తల్లులు పట్టే యాన్సూన్, అంటే సోంపు జాతి గింజల కషాయం, మన వాము నీళ్లలాంటిది. చిన్న పొట్ట నీళ్లతో నిండితే పాలకు చోటుండదు, అందుకే ఆరు నెలల లోపు వద్దంటారు. ఇంగ్లీషులో అనిస్, స్టార్ అనిస్ అని పేర్లు దగ్గరగా ఉన్నాయని, యాన్సూన్ బదులు అనాసపువ్వు కాచి పట్టడం మరీ ప్రమాదం. అందులో విషపు రకం కలుస్తుంటుంది. పిల్లలకు ఫిట్స్ రావడంతో 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది.

ఆరు నెలలు దాటాక అసలు లోటు ఇనుము. ఏడో నెల నుంచి ఏడాది వరకు రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలి, తల్లిపాలలో ఉండేది బహు కొద్ది. తీపి టీలో రొట్టె ముంచి పెడితే టీలోని టానిన్లనే వగరు పదార్థాలు ఆ కాస్త ఇనుమునూ సరిగా ఒంటబట్టనివ్వవు. ఏడాది నిండకుండా ఆవుపాలు పట్టినా, నిండాక రోజుకు 700 మిల్లీలీటర్లు మించినా రక్తహీనత ముప్పే.

మందు వాళ్ల వంటింట్లోనే ఉంది: షోర్బత్ అదస్, ఎర్రపప్పు సూప్. మెత్తగా ఉడికించి, ఉప్పు వేయకముందే బిడ్డ వంతు తీసి, చిక్కగా మెదిపి, దించాక నిమ్మరసం నాలుగు చుక్కలు పిండాలి. పప్పులోని ఇనుమును ఒంటికి పట్టించేది ఆ పులుపులోని విటమిన్ సి. మొదట ఒకటి రెండు చెంచాలు చాలు.