టైటిల్ నైన్: కాలేజీ అమ్మాయిల ఆటల గురించి అపోహలు, అసలు సంగతులు

అమెరికాలో ఒక యూనివర్సిటీ క్రీడా విభాగంలో టైటిల్ నైన్ అనే చట్టం అమలు చూడటం నా ఉద్యోగం. కూతురు టెన్నిసో ఈతో ఆడుతున్న తెలుగు తల్లిదండ్రులు స్కాలర్‌షిప్పుల గురించి అడిగినప్పుడల్లా ఈ మాటలు వింటుంటాను.

అపోహ: ఇది ఆటల కోసం తెచ్చిన చట్టం.

1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన ఆ నిబంధనలో ఆటల ఊసే లేదు. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడామగా వివక్ష కూడదంటుంది, అంతే. దాని కోసం పోరాడిన కాంగ్రెస్ సభ్యురాలు ప్యాట్సీ మింక్, ఆడపిల్ల అని మెడికల్ కాలేజీలు సీటివ్వకపోతే లా చదివిన మనిషి.

అపోహ: చట్టం రాగానే కాలేజీలు దారికొచ్చాయి.

అస్సలు రాలేదు. డబ్బు తెచ్చే ఆటలను మినహాయించాలని 1974లోనే సెనేట్‌లో సవరణ పెట్టారు. అది నిలవలేదు. ఆటలకు సంబంధించిన నియమాలు 1975లో వచ్చాయి, వాటి మీద 1976లో కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ కోర్టుకెక్కింది. అదే ఏడు యేల్ యూనివర్సిటీలో పడవ పందేల అమ్మాయిలు సాధన అయ్యాక చలిలో తడి బట్టలతో బస్సులో కూర్చునేవారు, అబ్బాయిలు వేడినీళ్ల స్నానం ముగించి వచ్చేదాకా. క్రిస్ ఎర్నెస్ట్ నాయకత్వంలో 19 మంది ఒంటి మీద ‘టైటిల్ నైన్’ అని రాసుకుని, అధికారి గదిలో బట్టలు విప్పి నిలబడి తమ ప్రకటన చదివారు. స్నానాల గది కోసం ఆడపిల్లలు అంతదాకా వెళ్లాల్సి వచ్చిందంటే నాకిప్పటికీ కోపమొస్తుంది.

అపోహ: ఇదొక కోటా, అబ్బాయిల జట్లు దీనివల్లే మూతపడ్డాయి.

జట్లలో అవకాశాలు చాలినన్ని ఉన్నాయా అని చూడటానికి 1979 నుంచి మూడు కొలతలున్నాయి: విద్యార్థుల్లో అమ్మాయిల వాటాకు తగ్గట్టు అవకాశాలుండటం, అవకాశాలు పెంచుకుంటూ వస్తుండటం, ఉన్న ఆసక్తికీ సామర్థ్యానికీ పూర్తిగా చోటివ్వడం. వీటిలో ఏ ఒక్కటి నెరవేర్చినా చాలు. రెజ్లింగ్ జట్టు పోయిన కుర్రాడి బాధ నిజమే. కానీ ఏ జట్టు తీసెయ్యాలో చట్టం చెప్పదు, అది కాలేజీ బడ్జెట్ నిర్ణయం. పెద్ద యూనివర్సిటీల్లో అబ్బాయిలాడే ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకే దశాబ్దాలపాటు 85 స్కాలర్‌షిప్పులుండేవి.

1991లో బ్రౌన్ యూనివర్సిటీ అమ్మాయిల జిమ్నాస్టిక్స్, వాలీబాల్ జట్లకు, అబ్బాయిల జట్లు రెండింటికి నిధులు ఆపింది. అమ్మాయిలు కోర్టుకెళితే, వాళ్లకు ఆటల మీద ఆసక్తి తక్కువని వాదించింది. అవకాశం, అనుభవం ఉంటేనే ఆసక్తి పెరుగుతుందని అప్పీలు కోర్టు తేల్చింది. 1997లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ముట్టుకోలేదు.

అపోహ: అమ్మాయిల ఆట ఎవరు చూస్తారు?

2021 ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ టోర్నీలో అబ్బాయిలకు పూర్తి జిమ్ ఇచ్చి, అమ్మాయిలకు ఒక వరస డంబెల్స్ పెట్టారు. ఆ వీడియో దేశమంతా తిరిగింది. 2024 ఫైనల్‌కు వచ్చేసరికి అమ్మాయిల మ్యాచ్‌ను సుమారు 1.89 కోట్ల మంది, అబ్బాయిలది 1.48 కోట్ల మంది చూశారు.

కాలేజీ ఎంచుకునే ముందు ఒక పని చేయండి. క్రీడాకారుల సంఖ్య, స్కాలర్‌షిప్పుల మొత్తం, కోచ్‌ల జీతాలు ఆడామగా వారీగా దాదాపు ప్రతి కాలేజీ ఏటా బయటపెట్టాలి. విద్యాశాఖ సైటులో పేరు కొడితే వస్తాయి. కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఆ అంకెలు ముందు పెట్టుకుని అడగండి.