శాసనం మొత్తం దించేస్తే వ్యాసం అయిపోదు: చరిత్ర పేపర్‌పై అపోహలు, వాస్తవాలు

"ఏంది మేడం, శాసనం మొత్తం రాశాను కదా, ఒక్క తప్పు కూడా లేదు. పదికి నాలుగేనా?"

ఇంటర్నల్స్ పేపర్లు చేతికిచ్చిన ప్రతిసారీ ఈ మాట వినాల్సి వస్తోంది. నేను నెల్లూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. గైడులో ఉన్నది అప్పజెప్పకుండా, ఒక శాసనమో ఉత్తరమో పాత పత్రికలోని వార్తో చేతికిచ్చి దాని మీద వ్యాసం రాయమంటాను. దీని గురించి హాస్టళ్లలో రకరకాల మాటలు పుడుతున్నాయి. సీనియర్ చెప్పింది జూనియర్ నమ్ముతాడు, పరీక్ష ముందు రాత్రి అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. గ్రూప్-1 మెయిన్స్‌కు చదివేవాళ్లు కూడా ఇవే సందేహాలతో ఫోన్ చేస్తున్నారు. వీటిలో ఒక్క అపోహ మాత్రం పిల్లల్ని నిలువునా ముంచుతోంది. ఎక్కువగా దాని గురించే రాస్తాను. మిగతావి చిన్నవి.

అపోహ: ప్రాథమిక ఆధారం ఆ కాలం నాటిది కాబట్టి అందులో ఉన్నదే నిజం. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే జవాబు అయిపోయినట్టే.

వాస్తవం: ఆధారంలో ఏముందో పేపరు దిద్దేవాళ్లకు తెలుసు. దాన్ని బట్టి మీరేం తేల్చారన్నదే వాళ్లు చూసేది. ఆ తేల్చడం లేకపోతే మీరు రాసింది నకలు. చేతిరాత ఎంత ముత్యాల్లా ఉన్నా దానికి నాలుగుకు మించి వేయడం కష్టం.

పాతకాలపు రేవు మోటుపల్లిలోని అభయ శాసనం చూడండి. నేను మొదట ఇచ్చేది ఎప్పుడూ ఇదే. చినగంజాం వైపు చుట్టాలున్న పిల్లలు క్లాసులో ఒకరిద్దరైనా ఉంటారు, ఆ ఊరి పేరు వినగానే ముందుకు జరిగి కూర్చుంటారు. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన శాసనం. అందులోని సంగతి క్లుప్తంగా ఇది: దేశం నుంచి దేశానికి పోతూ తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువని సముద్రం మీద ఇంత సాహసం చేసే వర్తకులపై దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, మేము నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నాం. ఎగుమతుల మీద, దిగుమతుల మీద సుంకం ముప్పైకి ఒకటి. ఆ తర్వాత చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, మిరియాలు అంటూ సరుకు సరుకుకూ రేట్లు.

దీన్నిచ్చి 'కాకతీయుల కాలంలో సముద్ర వాణిజ్యాన్ని చర్చించండి' అని అడుగుతాను. చాలా పేపర్లలో వచ్చేది ఒకటే. శాసనమంతా దించి, కింద 'గణపతిదేవుడు దయగల రాజు. ఆయన పాలనలో వర్తకులు నిర్భయంగా వ్యాపారం చేసుకున్నారు' అని ముగించి, కింద రెండు గీతలు కొడతారు.

దయగల రాజని ఎవరన్నారు? రాజే చెప్పుకున్నాడు. వర్తకులు నిర్భయంగా ఉన్నారని ఏ వర్తకుడు చెప్పాడు? అందులో వర్తకుడి మాట ఒక్కటీ లేదు. అది రాజు ఇచ్చిన హామీ. హామీ ఇచ్చాడని శాసనం రుజువు చేస్తుంది. అది అమలు జరిగిందో లేదో ఆ రాయి ఒక్కదాన్నే చూసి చెప్పలేం. ప్రభుత్వం జీవో ఇవ్వగానే మీ ఊళ్లో పని అయిపోయినట్టు రాస్తారా అని అడిగితే, పిల్లలు వెంటనే పట్టుకుంటారు.

ఇప్పుడు అదే శాసనాన్ని ఇంకోలా చదవండి. 'పూర్వపు రాజులు లాక్కునేవారు' అనే మాట అందరూ దాటేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. తీరంలో దోపిడీ ఉండేదనీ, అది చేసింది దొంగలు కాదు రాజులేననీ ఒక రాజే రాతి మీద ఒప్పుకుంటున్నాడు. వర్తకులు ఈ తీరానికి రావడానికి జంకుతూ ఉంటేనే కదా ఇలా అభయం ఇవ్వాల్సి వచ్చేది! సరుకువారీగా రేట్లు ముందే చెక్కించారంటే, అధికారులు తోచినంత వసూలు చేస్తారన్న భయం కూడా ఉండి ఉండాలి. పుణ్యం కోసమంటూనే సుంకం సంగతి అంత వివరంగా రాయించాడంటే, రేవు నుంచి వచ్చే రాబడి మీద రాజుకు ఎంత ధ్యాసో తెలుస్తోంది. ఇవన్నీ ఊహలే, కానీ శాసనంలోని ఏ మాట దగ్గర నిలబడి ఊహించామో చూపిస్తున్నాం. చరిత్ర వ్యాసం అంటే ఇదే. 'దీన్ని బట్టి' అనే మాట తర్వాత మీరు రాసే రెండు మూడు వాక్యాల కోసం మేం వెతుక్కుంటాం.

అక్కడితో ఆగకండి, ఆధారం పక్కన ఆధారం పెట్టండి. 1358లో కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ హామీలు ఇస్తూ శాసనం వేయించాడు. గణపతిదేవుడి అభయం శాశ్వతంగా పనిచేసి ఉంటే నూరేళ్ల తర్వాత ఇంకో రాజు మళ్లీ ఎందుకు చెప్పాలి? ఈ ఒక్క ప్రశ్న వ్యాసంలో ఉంటే ఆ పేపరు మిగతా వాటి నుంచి వేరుగా నిలబడుతుంది. ఒకసారి, ఏడాదంతా వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చున్న అమ్మాయి ఈ ప్రశ్న తనంతట తానే రాసింది. తెలుగులో, అక్షర దోషాలతో, పేజీన్నరలోనే రాసింది. ఆ బ్యాచ్‌లో నేను ఎక్కువ మార్కులు వేసిన పేపరు అదే.

ఆ కాలం నాటి మనిషి రాశాడు కాబట్టి తప్పు ఉండదనే నమ్మకానికి మార్కో పోలో ఒక్కడు చాలు. 13వ శతాబ్దం చివర మన తీరం మీదుగా వెళ్లిన వెనిస్ వర్తకుడు. మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి రాయించాడు. వాణిజ్యం మీద వ్యాసానికి అది బంగారం లాంటి ఆధారం. అదే మనిషి, భర్త చనిపోయాక రాణి రాజ్యం ఏలుతోందని చెప్పాడు. అతను చెప్పిన రాణి రుద్రమదేవి. ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. పైగా అతను ఆ విషయాలు చెప్పి రాయించింది ఇటలీకి తిరిగి వెళ్లాక, 1298లో జెనోవా జైల్లో. ఓ కుర్రాడు ఈ తప్పు తెలియగానే 'అయితే మార్కో పోలోను కొట్టేద్దామా మేడం' అన్నాడు. అక్కర్లేదు. వర్తకుడు సరుకు గురించి చెప్పిన మాటకు ఒక విలువ, రాజకుటుంబం గురించి విన్నది చెప్పిన మాటకు ఇంకో విలువ. ఆ తేడా పేపర్లో రాయండి, మార్కులు దానికే.

ఇది పాత కాలపు శాసనాలకే పరిమితం కాదు. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 3న నెహ్రూ రాజాజీకి రాసిన ఉత్తరంలో, ఈ దీక్షకు తానేమీ చలించలేదనీ, పూర్తిగా పట్టించుకోకుండా ఉండదలచుకున్నాననీ అన్నారు. డిసెంబర్ 15న శ్రీరాములు గారు కన్నుమూశారు. 19న ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూయే ప్రకటించారు. ఆ ఉత్తరం ఒక్కటే చదివి 'దీక్ష ప్రభావం ఏమీ లేదు' అని రాసేవాళ్లున్నారు. ఉత్తరం చెప్పేది డిసెంబర్ 3న ఢిల్లీలో ఒక మనిషి మనసులో ఏముందో అంతే. ఆధారం మీదున్న తేదీ చూడకుండా వాదన మొదలుపెట్టకండి. దీక్ష ఎన్నాళ్లన్న దాని మీద కూడా ఒక్కో గైడులో ఒక్కో అంకె కనిపిస్తుంది. గొడవెందుకు, రెండు తేదీలూ కలుపుకొని వేళ్ల మీద లెక్కపెట్టండి: 13, 30, 15, మొత్తం 58.

ఆధారంలో ఎవరి మాట లేదో అది కూడా రాయాలి. అద్దంకి పద్య శాసనాన్ని తొలి తెలుగు పద్యంగా అందరూ బట్టీ పడతారు, తరువోజ ఛందస్సులో ఉందని కూడా చెబుతారు. చాళుక్య సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలను, అంటే బోయల స్థావరాలను గెలిచాడనీ, కందుకూరును బెజవాడ అంతటిదాన్ని చేశాడనీ అందులో ఉంది. గెలిచినవాడి వైపు నుంచి చెక్కించిన మాట అది. ఓడిన బోయల వైపు నుంచి ఏ రాయీ మాట్లాడదు. ఆ సంగతి ఒక వాక్యంలో గుర్తించినా చాలు, మీకు ఆధారాన్ని ప్రశ్నించడం వచ్చని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది.

అపోహ: ముసలివాళ్ల మాటలు ఆధారం కిందికి రావు.

వస్తాయి. కానీ వాటినీ ఇదే పద్ధతిలో చదవాలి. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మీద ప్రాజెక్ట్ చేసిన ఒక అమ్మాయి వాళ్ల అవ్వను అడిగి రాసుకొచ్చింది. "రామారావు వచ్చి సారా ఆపించినాడు" అంది అవ్వ. పుస్తకం చూస్తే రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది 1993 అక్టోబర్ 1న, అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎన్.టి. రామారావు గారు ఎన్నికల్లో గెలిచి వచ్చాక, 1995 జనవరిలో వచ్చింది సంపూర్ణ మద్య నిషేధం. అమ్మాయికి టెన్షన్ పట్టుకుంది. అవ్వ మాట తప్పయితే ప్రాజెక్ట్ పోయినట్టేనా అని ఏడుపు మొహంతో వచ్చింది. పోలేదు. రెండు నిషేధాలూ ఆమె జ్ఞాపకంలో ఎందుకు ఒకటైపోయాయి అన్నదే ఆ ప్రాజెక్ట్‌లో మంచి అధ్యాయం అయింది. ఉద్యమాన్ని నడిపింది ఆడవాళ్లు. సారా వేలంపాటలు ఆపించి, దుకాణాల ముందు కూర్చున్నది వాళ్లు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన సీతమ్మ కథ వాళ్లను కదిలించింది. అలాంటి ఆడవాళ్లను కళ్లారా చూసిన అవ్వ కూడా ఆ ఘనతను ముఖ్యమంత్రికి ఇచ్చేసిందంటే, ఊళ్లో ఆ కథ తర్వాత ఎలా చెప్పుకున్నారో అర్థమవుతుంది. తారీఖుల కోసం జీవో చూడండి. ఆ రోజుల్లో ఇంట్లో కూలి డబ్బులు ఏమయ్యేవో తెలియాలంటే మాత్రం అవ్వనే అడగాలి.

అపోహ: కైఫీయత్తు (ఊరి చరిత్ర రాసిన పాత కాగితం) ప్రాథమికమా ద్వితీయమా అన్నది తప్పు రాస్తే మార్కులన్నీ పోతాయి.

భయపడకండి. అది మీరు అడిగే ప్రశ్నను బట్టి మారుతుంది. ఈస్ట్ ఇండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మనుషులు 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా కరణాల దగ్గర సేకరించినవి అవి. ఆనాటి ఊళ్లో జనం తమ గతం గురించి ఏమనుకునేవారో తెలుసుకోవాలంటే కైఫీయత్తు ప్రాథమిక ఆధారం. కాకతీయుల కాలంలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే అది విన్న మాట. ఈ రెండు వాక్యాలూ పేపర్లో రాసేయండి.

అపోహ: ఇంగ్లిష్‌లో రాస్తేనే మార్కులు. అడిషనల్ షీట్లు ఎక్కువుంటే ఎక్కువ మార్కులు.

రెండూ పుకార్లే. పేపర్లు దిద్దే చోట నేను కూర్చున్నాను. షీట్లు ఎవరూ లెక్కపెట్టరు. తెలుగు మీడియం పిల్లలు ఈ మాట నమ్మి, రాని ఇంగ్లిష్‌లో గైడు వాక్యాలు బట్టీ పట్టి రాసి నష్టపోవడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలే ఎక్కువగా ఇందులో పడుతున్నారు. మీ ఆలోచన ఏ భాషలో నడుస్తుందో ఆ భాషలోనే రాయండి.

అపోహ: ఆధారాలు చూడాలంటే హైదరాబాదో చెన్నయో పోవాలి.

బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి సంకలనం చేసిన నెల్లూరు జిల్లా శాసనాలు 1905లోనే మూడు భాగాలుగా అచ్చయ్యాయి. ఒంగోలు, కందుకూరు, దర్శి, పొదిలి, కనిగిరి వైపు శాసనాలు కూడా అందులోనే ఉన్నాయి, ఎందుకంటే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరు కిందే ఉండేది. స్కాన్ కాపీ నెట్‌లో దొరుకుతుంది. 1873 నాటి బాస్వెల్ నెల్లూరు మాన్యువల్ కూడా దొరుకుతుంది, అయితే అది కంపెనీ పోయి దొరల సర్కారు వచ్చాక ఒక దొర అధికారి రాసినదని గుర్తుపెట్టుకుని చదవండి. వెంకటగిరి జమీందారీ రైతుల గొడవల మీద రాయాలంటే పాత జమీన్ రైతు సంచికలు చూడండి. అది రైతుల పక్షాన నిలబడిన పత్రిక, ఆ మాట కూడా వ్యాసంలో రాయండి.

అసలు మీ ఇంట్లోనే ట్రంకుపెట్టెలో ఏముందో చూశారా? ఒకబ్బాయి వాళ్ల తాత దాచిన పొలం కాగితం తెచ్చి, 1317 నాటి దస్తావేజు దొరికిందని క్లాసంతా తిరిగి చూపించాడు. కాకతీయుల కాలం కాగితం అనుకున్నాడు పాపం. అది ఫసలీ 1317, అంటే భూమి శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, కాబట్టి అది 1907. జులైలో మొదలయ్యే లెక్క కనుక, కాగితంలో నెల జనవరి నుంచి జూన్ లోపల ఉంటే ఇంకొకటి కలపాలి. శక సంవత్సరమైతే 78 కలపాలి. వ్యాసం మొదలుపెట్టే ముందు, ప్రశ్నపత్రంలో ఇచ్చిన ఆధారం మార్జిన్‌లో ఈ లెక్క పెన్సిల్‌తో వేసుకుని, పక్కనే ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని రెండు ముక్కలు రాసుకోండి. తర్వాతే పెన్ను పట్టుకోండి.