బండి ముందు భాగం మార్చేముందు: హ్యాండిల్, ఫోర్కుల మీద అపోహలు - వాస్తవాలు

కడపలో మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఫోన్లో ఒక ఫొటో చూపించి, "అన్నా, సేమ్ ఇట్లనే కావాల, ఎంతైతాది?" అని అడుగుతారు. బండి తన మనసుకు నచ్చినట్టు ఉండాలనుకోవడం మంచి కోరికే. నేను బతికేది ఆ పని మీదే, అది బాగా కుదిరిన రోజు నాకూ సంతోషమే. అయితే ఫొటోలో రంగు, ఆకారం కనిపిస్తాయి గానీ కొలతలు కనిపించవు. హ్యాండిల్, ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకు గొట్టాలు), చక్రం, బ్రేకు, కేబుళ్లు ఒకదాని కొలత మీద ఇంకొకటి ఆధారపడి ఉంటాయి. ఒకటి మార్చినప్పుడు మిగతావాటిలో ఏది కదిలిందో షెడ్డులోనే చూసుకోవాలి. గువ్వలచెరువు ఘాట్ మలుపులో తెలిస్తే అప్పటికే ఆలస్యమైపోయినట్టు.

"హ్యాండిలే కదా, నాలుగు బోల్టుల పని"

బోల్టులు నాలుగే, కానీ వాటి చుట్టూ చాలా పని ఉంది. మొదట మందం చూడాలి. మన దగ్గర తిరిగే మామూలు బళ్లలో హ్యాండిల్ పైపు ఎక్కువగా 22 మి.మీ. ఉంటుంది. పెద్ద క్రూజర్లలో 25.4 మి.మీ. కూడా వస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే ఫ్యాట్ బార్లు (లావు హ్యాండిళ్లు) క్లాంపు (హ్యాండిల్‌ను బండికి బిగించే పట్టీ) దగ్గర 28.6 మి.మీ. ఉండి, గ్రిప్పుల దగ్గరికి వచ్చేసరికి 22కు సన్నబడతాయి. ఫ్యాట్ బార్ కావాలంటే క్లాంపులు, రైజర్లు (క్లాంపును ఎత్తులో నిలిపే దిమ్మెలు) దానికి సరిపోయేవే వేయాలి. సన్న పైపుకు టిన్ను ముక్క చుట్టి లావు క్లాంపులో బిగించిన బళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. పెద్ద గుంతలో పడితే ఆ హ్యాండిల్ క్లాంపులోనే తిరిగిపోతుంది.

తర్వాత స్విచ్ డబ్బా. దాన్ని విప్పి లోపల చూస్తే అగ్గిపుల్ల తల అంత పిన్ను ఒకటి కనిపిస్తుంది. కంపెనీ హ్యాండిల్‌కు దాని కోసం చిన్న రంధ్రం ఉంటుంది. బయట కొన్న చాలా హ్యాండిళ్లకు ఉండదు. తొందరలో ఉన్నవాళ్లు ఆ పిన్నును అరగదీసి స్విచ్ డబ్బాను బిగించేస్తారు. కొన్నాళ్లకు కుడివైపు డబ్బా యాక్సిలరేటర్‌తో పాటే పైపు మీద తిరగడం మొదలవుతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, లీవర్లు, స్విచ్‌లు చేతికి ఎక్కడ కుదురుతాయో సీటు మీద కూర్చుని చూసి, గుర్తు పెట్టి, అక్కడ సరిగ్గా పిన్ను సైజులోనే రంధ్రం వేసి, అంచులు నున్నగా చేయడం. వైర్లు లోపలి నుంచి తీయడానికని క్లాంపు పక్కనే పెద్ద రంధ్రాలు వేయమంటే మాత్రం నేను వేయను. ఒత్తిడి అంతా పడేది అక్కడే, పగులు మొదలయ్యేదీ అక్కడే.

ఇక కేబుళ్లు. హ్యాండిల్ రెండు అంగుళాలు ఎత్తు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం, వైర్లు అన్నీ ఆ మేరకు లాగబడతాయి. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా, తర్వాత కుడికి పూర్తిగా తిప్పండి. ఇంజిన్ శబ్దం కొంచెం పెరిగినా కేబుల్ పొట్టిదైందని, లేదా తప్పు దారిలో వెళ్లిందని అర్థం. యూటర్న్ తిప్పుతుండగా బండి తనంతట తానే ముందుకు దూకితే టెన్షన్‌లో బ్రేకు ఎక్కడ పట్టాలో కూడా తోచదు. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకు నలగకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

హ్యాండిల్ చివర ఉండే బరువులు అలంకారం కోసం కాదు. వైబ్రేషన్ చేతికి రాకుండా ఆపేవి అవే. వాటిని తీసి పల్చని బార్ ఎండ్ అద్దాలు పెట్టాక "చేతులు తిమ్మిరెక్కుతాండాయన్నా" అంటే కారణం వెతకక్కర్లేదు.

"ఎంత వెడల్పైతే అంత కంట్రోల్"

సగం నిజం. వెడల్పు పెరిగితే తిప్పడానికి బలం తక్కువ పడుతుంది, కానీ అదే మలుపుకు చేయి ఎక్కువ దూరం కదలాలి. రాళ్ల దారిలో, మట్టి రోడ్డులో నెమ్మదిగా పోయేవాళ్లకు ఇది లాభం. హైవే మీద కథ మారుతుంది. చేతులు బాగా చాచి కూర్చున్న మనిషిని పక్కగాలి కొడితే ఒళ్లు కదిలి, ఆ కదలిక నేరుగా హ్యాండిల్‌లోకి పోతుంది. రామగిరి గాలిమరల వైపు పోయి వచ్చినవాళ్లకు ఈ ముక్క విడమరచి చెప్పనక్కర్లేదు. మార్కెట్లో 800 మి.మీ. దాకా వెడల్పున్న బార్లు వస్తాయి. అంత వెడల్పు కొన్నాక రెండు వైపులా 10 మి.మీ. చొప్పున కోస్తూ, నడిపి చూస్తూ మీ భుజాలకు కుదిరే దగ్గర ఆగండి. కోసింది మళ్లీ అతకదు కాబట్టి తొందర వద్దు.

"ఎత్తు హ్యాండిల్ వేస్తే నడుము నొప్పి పోతుంది"

ఈ మాట నమ్మి డబ్బులు పెట్టినవాళ్లను చూస్తే బాధేస్తుంది. నిటారుగా కూర్చుంటే ఒంటి బరువంతా వెన్నెముక కిందిభాగం మీదే పడుతుంది, గుంతలో పడ్డ ప్రతి దెబ్బా సూటిగా అక్కడికే వస్తుంది. కొంచెం ముందుకు వంగితే ఆ బరువులో కొంత చేతులు, కాళ్లు పంచుకుంటాయి. ఇక హైవే వేగంలో గాలి ఛాతీని వెనక్కి నెడుతుంటే, పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడుతూ పోవాల్సి వస్తుంది. చేతులు భుజాల కంటే పైకి పోయేంత ఎత్తు పెడితే వేళ్లకు తిమ్మిరి ఖాయం.

నేను మొదట చేసేది వేరు. ఉన్న హ్యాండిల్‌నే క్లాంపులో కొద్దిగా వెనక్కో ముందుకో తిప్పి, లీవర్లను ముంజేతి వరుసలోకి తెచ్చి, ఒక వారం నడపమంటాను. దీనికి ఖర్చేమీ లేదు, చాలామందికి దీంతోనే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: బ్రేకు ఆయిల్ డబ్బా హ్యాండిల్ మీదే ఉంటుంది కాబట్టి అది బాగా వాలిపోకూడదు. వాలితే ఆయిల్ తగ్గినప్పుడు లోపలికి గాలి లాగుతుంది.

"క్లిప్ ఆన్ వేస్తే రేసు బండే"

క్లిప్ ఆన్ అంటే ఫోర్కు పైపులకే నేరుగా బిగించే పొట్టి హ్యాండిళ్లు. చేతులు కిందికి దిగినంత మాత్రాన రేసు బండి కాదు. ఫుట్‌రెస్టులు వెనక్కి జరపకుండా క్లిప్ ఆన్ మాత్రం వేస్తే బరువంతా మణికట్ల మీదే. రాయచోటి రోడ్డు ఘాట్ దిగుతూ బ్రేకు పడితే తెలుస్తుంది. ఫోర్కు పైపు మందం 37 మి.మీ. అయితే క్లిప్ ఆన్ కూడా 37దే కావాలి. చిన్నదాన్ని సాగదీసి, పెద్దదాన్ని నలిపి బిగిస్తే పైపు గుండ్రదనం పోయి ఫోర్కు పట్టేస్తుంది.

"బుల్లెట్‌కు కేటీఎం ఫోర్కులు వేస్తే దాని లెక్కే వేరు"

లెక్క వేరే, నిజమే. ఆ లెక్క ఏమిటో చూద్దాం. మనం బుల్లెట్ అనే పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఫోర్కు పైపు 35 మి.మీ., కేటీఎం డ్యూక్ 390 తలకిందుల ఫోర్కు (లావు గొట్టం పైన, సన్న పైపు కింద ఉండేది) 43 మి.మీ. లావు ఫోర్కు బ్రేకు పట్టినప్పుడు వంగదు, గట్టిగా నిలుస్తుంది. ఆ మాటకు ఎదురు లేదు. కానీ ఫోర్కుతో పాటు చక్రం కూడా మారుతుంది. క్లాసిక్ ముందు టైరు 90/90-19, డ్యూక్‌ది 110/70-17. చక్రం మధ్య నుంచి నేల దాకా కొలిస్తే మొదటిది దాదాపు 322 మి.మీ., రెండోది 293. అంటే చక్రం మార్చగానే ముందు భాగం 29 మి.మీ. దిగిపోయింది.

ఇక్కడ ట్రెయిల్ సంగతి తెలియాలి. స్టీరింగ్ స్టెమ్ (ఫ్రేములో హ్యాండిల్‌తో పాటు తిరిగే కడ్డీ) వాలును నేల దాకా గీతగా పొడిగిస్తే అది తాకే చోటు, టైరు నేలను తాకే చోటు కంటే ముందుకు ఉంటుంది. ఆ రెండింటి మధ్య దూరమే ట్రెయిల్. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రం తోసిన వైపుకు దానంతట అదే సర్దుకుని వెనక పడినట్టు, బండి చక్రం నేరుగా నిలిచేది ఈ దూరం వల్లే. మామూలు రోడ్డు బళ్లలో ఇది సుమారు 90 నుంచి 110 మి.మీ. ఉంటుంది. స్టెమ్ వాలు 27 డిగ్రీలు అనుకుంటే, చక్రం 29 మి.మీ. చిన్నదైనందుకే ట్రెయిల్ దాదాపు 15 మి.మీ. తగ్గుతుంది. ముందు భాగం దిగడం వల్ల వాలు ఇంకో డిగ్రీ నిలువైతే మరో ఆరేడు మి.మీ. పోతుంది. క్లాంపుల ఆఫ్‌సెట్ (స్టెమ్ గీత నుంచి ఫోర్కులు ముందుకు ఉండే దూరం) ఎక్కువైతే ఇంకా తగ్గుతుంది. టౌనులో తిప్పడానికి బండి తేలికగా అనిపిస్తుంది, అందరూ మెచ్చుకుంటారు. మైదుకూరు రోడ్డెక్కి వేగం పెంచాక హ్యాండిల్ నిలకడ పోతుంది.

కాబట్టి ఫోర్కు మార్చే ముందు పాత ఫోర్కు పొడవు, చక్రం ఎత్తు, ఆఫ్‌సెట్, స్టెమ్ పొడవు, బేరింగుల సైజు కాగితం మీద రాసుకోవాలి. కొత్త ఫోర్కును క్లాంపుల్లో పైకీ కిందికీ జరిపి కొంత సరిచేయొచ్చు. స్టెమ్ కుదరకపోతే లేత్ మీద కొత్తది తిప్పించి ప్రెస్సులో ఎక్కించాలి. ముక్క అతికి వెల్డింగ్ చేసిన స్టెమ్ బండిని నేను ముట్టుకోను. అది విరిగితే చక్రమే విడిపోతుంది. పాత క్లాసిక్‌లో స్పీడోమీటర్ కేబుల్ ముందు చక్రం నుంచి వస్తుంది, చక్రం మారితే మీటరు ఆగిపోతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం జామ్ కాకుండా చూసేది) ఉన్న బండైతే సెన్సర్ రింగు పళ్ల సంఖ్య, చక్రం సైజు రెండూ పాతవాటితో సరిపోవాలి, లేకపోతే ఏబీఎస్ లెక్క తప్పుతుంది.

తలకిందుల ఫోర్కులో ఆయిల్ సీలు కింది భాగంలో ఉంటుంది. సీలు పోతే ఆయిల్ సూటిగా బ్రేకు వైపు కారుతుంది. ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ములో రోజూ తిరిగేవాళ్లు పైపులను మెత్తటి గుడ్డతో తుడుచుకుంటే సీలు చాలాకాలం వస్తుంది.

"పోలీసులు ఆపితే అప్పుడు చూద్దాంలే"

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే నిబంధన వచ్చింది. అంత దాకా పోకపోయినా, మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే ప్రమాదం తర్వాత క్లెయిమ్ దగ్గర గొడవ వస్తుంది. ఫోర్కులు, చక్రాలు మార్చాలనుకునేవాళ్లు ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి రండి. పాత సామాను పారేయకుండా దాచుకోండి.

"షాకుల్లో వాషర్లు వేస్తే గట్టిపడతాయి"

గట్టిపడవు. స్ప్రింగు అదే, దాని గట్టిదనమూ అదే. దాని పైన వాషర్లో, పైపు ముక్కో పెడితే బండి ముందు భాగం ఎత్తు మాత్రం పెరుగుతుంది. ఫోర్కు పైపుకు ఒక జిప్ టై కట్టి, చక్రం గాలిలో ఉన్నప్పుడు సీలుకు ఆనించి, తర్వాత బండి దించి మీరు ఎక్కి కూర్చుని చూడండి. 130 మి.మీ. ఆడే ఫోర్కులో 35, 40 మి.మీ. దిగితే సరిగ్గా ఉన్నట్టే. అంతకంటే చాలా ఎక్కువ దిగితే మీ బరువుకు తగ్గ స్ప్రింగు కావాలి. చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోసినా ఇది తీరదు. ఫోర్కు పైకి లేవడమే నెమ్మదై, వరుస గుంతల్లో కిందే ఉండిపోతుంది.

"బ్రెయిడెడ్ గొట్టం వేస్తే బండి వెంటనే ఆగుతుంది"

బ్రెయిడెడ్ గొట్టం అంటే పైన స్టీలు తీగ అల్లిన బ్రేకు గొట్టం. అది వేస్తే లీవర్ గట్టిగా, చెప్పిన మాట వినేలా ఉంటుంది. ఆపేది మాత్రం టైరు పట్టే. గొట్టం మార్చినప్పుడు బాంజో బోల్టు (గొట్టం చివర బిగించే బోలు బోల్టు) వాషర్లు కొత్తవే వేయాలి, డాట్ 4 బ్రేకు ఆయిల్ ఉన్న చోట డాట్ 5 కలపకూడదు. పెద్ద మాస్టర్ సిలిండర్ (లీవర్ నొక్కితే ఆయిల్‌ను నెట్టేది) వేస్తే బ్రేకు పెరుగుతుందని కొందరు అనుకుంటారు. నిజం తలకిందులు. పిస్టన్ పెద్దదైతే అదే ప్రెషర్ రావడానికి వేళ్లతో ఎక్కువ బలం పెట్టాలి.

"హ్యాండిల్ వణుకుతోందా, స్టీరింగ్ డ్యాంపర్ వేయించు"

వణుకుకు కారణం ఎక్కువగా కోన్ సెట్ (స్టెమ్ తిరిగే బేరింగులు), టైరు, చక్రం బ్యాలెన్స్. డ్యాంపర్ (హ్యాండిల్ కదలికను నెమ్మది చేసే చిన్న షాకు) వేస్తే ఆ జబ్బు కనపడకుండా పోతుంది, అంతే. వెడల్పు హ్యాండిల్ కూడా ఇదే పని చేస్తుంది. పట్టు ఎక్కువ కాబట్టి లోపలి అరుగుదల చేతికి తెలియదు.

చూసుకోవడం సులువే. సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాలిలోకి లేపండి. హ్యాండిల్‌ను ఒక వేలితో నెమ్మదిగా తిప్పండి. నడిమధ్యలో ఎక్కడో చిన్న గాడిలో పడ్డట్టు ఆగితే రేసు (బాల్స్ తిరిగే రింగు) మీద బాల్స్ గుంతలు చేశాయని అర్థం. గ్రీజు పెడితే తగ్గదు, కోన్ సెట్టే మార్చాలి. తర్వాత చక్రం ముందు కూర్చుని ఫోర్కుల కింది చివరలను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగండి. "టక్" మన్న చిన్న దెబ్బ చేతికి తగిలితే లూజు. బిగించాక కూడా హ్యాండిల్ తన బరువుకు తానే రెండు వైపులకూ పడిపోవాలి. పడకపోతే ఎక్కువ బిగించినట్టు, అప్పుడు బండి రోడ్డు మీద పాములా పోతుంది.

కొత్త హ్యాండిల్ వేశాక చాలా బళ్లలో ముందు వైపు క్లాంపు బోల్టులు పూర్తిగా బిగించి తర్వాత వెనకవి బిగిస్తారు, కొన్నింటిలో రెండు వైపులా సందు సమానంగా ఉంచాలి. మీ బండి మాన్యువల్‌లో ఏది రాసుంటే అది, అందులో ఇచ్చిన టార్కుకే (బిగింపు బలానికే). మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి షెడ్డుకు తీసుకురండి, క్లాంపులు, కేబుళ్లు, కోన్ సెట్ మళ్లీ చూస్తాం. దానికి నేను డబ్బులు తీసుకోను.