అద్దె ఇల్లు మన ఇల్లు ఎప్పుడవుతుంది?

చిరంజీవులు పండుకి, చిట్టికి తాతయ్య ఆశీస్సులు.

మీరు ఒడిశాలోని రాయగడలో అద్దె ఇంటికి మారారు కదా. మొన్న ఫోన్లో చిట్టి అడిగింది, "తాతయ్యా, రాయగడ ఇల్లు మన ఇల్లు ఎప్పుడవుతుంది?" అని. మీ నాన్న పక్కనుంచి "అడ్వాన్స్ కట్టేశాం కదమ్మా, అయిపోయింది" అన్నాడు. అది ఇంటి ఓనరుకి చెప్పే జవాబు. చిట్టి అడిగింది అది కాదు. అందుకే తీరుబడిగా ఉత్తరం రాస్తున్నాను.

ముందు పండు సంగతి. వెళ్లిన రోజు రాత్రి నిద్ర పట్టలేదని దిగులు పడ్డావట. అందులో తప్పేమీ లేదు నాన్నా. కొత్త చోట మొదటి రాత్రి మన మెదడులో ఎడమ సగం పూర్తిగా నిద్రపోదని 2016లో శాస్త్రవేత్తలు పరీక్షించి చెప్పారు. చిన్న చప్పుడైనా లేపడానికి అది కాపలా కాస్తుంది. మెదడులో చోట్లను గుర్తుపట్టే కణాలు కూడా ఉన్నాయి. ఈ మూల నిలబడితే కొన్ని, ఆ మూలకు వెళితే మరికొన్ని పని చేస్తాయి. 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల్లో ఈ సంగతి కనిపెట్టాడు, 2014లో ఆయనకు నోబెల్ వచ్చింది. మిగతాది మీ సైన్స్ మాస్టారు చెబుతారు. నేను కుండ గురించి చెబుతాను.

కుమ్మరి దగ్గర కొత్త కుండ కొని తెచ్చిన రోజే అందులో కూర వండితే ఏమవుతుంది? మట్టి వాసన కొడుతుంది. పక్కలంతా చెమ్మ ఊరుతుంది. కుండకు కంటికి కనపడని సన్నటి రంధ్రాలు ఉంటాయి కదా. అందుకని మీ నాయనమ్మ ముందు దాన్ని నీళ్లలో నానబెట్టి, తర్వాత అందులో గంజి కాచేది. గంజిలోని పిండి ఆ రంధ్రాల్లోకి పోయి పట్టుకుంటుంది. ఒకసారితో చాలదు, మళ్లీ కాయాలి. తొందరపడి మంట పెంచితే కుండ పగులుతుంది. సబ్బుతో తోమకూడదు, ఆ సబ్బునీ పీల్చుకుంటుంది. అలా వండగా వండగా ఒకనాటికి ఆ కుండలో చారు కాచినా దాని రుచే వేరుగా ఉంటుంది. అది ఏ రోజు మొదలైందో నాయనమ్మ కూడా చెప్పలేకపోయేది. ఇల్లూ అంతే. మీరు రోజూ అందులో తినాలి, పోట్లాడుకోవాలి, జ్వరం వస్తే పడుకోవాలి. ఇవన్నీ గంజి కాచడమే.

నా చిన్నప్పుడు మేము పాతపట్నం దగ్గరి పల్లె నుంచి పర్లాకిమిడి వచ్చాం. మహేంద్రతనయ నది దాటితే చాలు. కానీ బడిలో పక్కవాడు "తుమొ నా కొణొ?" అని ఒడియాలో పేరడిగితే బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. ఇంట్లో అమ్మకూ తోచేది కాదు. అప్పట్లో నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు ఉండేది, బొగ్గు ఇంజను. సాయంత్రం దాని కూత వినగానే అమ్మ ఎసరు పెట్టేది. ఒకరోజు చీకటి పడుతున్నా కూత రాలేదు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, "మన రైలు ఇంకా రాలేదేమిట్రా" అంది. అంతకుముందు ఎప్పుడూ ఆమె "మన" అనలేదు. ఏ వేళకు ఏది రావాలో తెలిసి, అది రాకపోతే వెలితిగా తోచిందంటే ఆ ఊరు మనదైనట్టే అని నా నమ్మకం. అటువైపు కూడా అలాగే ఉండాలి. మీరు ఆడుకోవడానికి వెళ్లకపోతే పక్కింటివాళ్లు "పిల్లలు ఇవాళ రాలేదేం?" అనుకోవాలి.

దానికి పక్కవాళ్ల మాట నేర్చుకోవాలి. గిడుగు రామమూర్తి గారు 1880లో, ఇంకా కుర్రవాడిగా, మా ఊరి రాజావారి బడికి పంతులుగా వచ్చారు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనుల భాషను ఒక సవర మనిషి దగ్గరే కష్టపడి నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. మీరు నాలుగు ఒడియా మాటలు నేర్చుకోలేరా? తెలుగు ఎక్కడికీ పోదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊళ్లో జనం రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకుని పొద్దున ఒరిస్సాలో లేచారు. అదే నుయ్యి, అదే చేద. ఇంట్లో మాటా మారలేదు.

ఇప్పుడు మీకో పని. పాలవాడు ఏ వేళకు వస్తాడు, పొద్దుటి ఎండ ముందు ఏ గదిలో పడుతుంది, పక్కింటి మావుసీ (అంటే పిన్ని) పిల్లలు మీ ఆటను ఒడియాలో ఏమంటారు, చూసి రాసి పెట్టుకోండి. ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని నాగావళి ఒడ్డుకు వెళ్లండి. ఆ నీళ్లే దిగువకు పోయి శ్రీకాకుళం పక్కనుంచి సముద్రంలో కలుస్తాయి. ఒక ఆకు వేసి అది ఎటు పోతుందో చూడండి. ఒంటరిగా మాత్రం నీళ్లలోకి దిగకండి. చూసినవన్నీ నాకు ఉత్తరం రాయండి. ఫోన్లో చెప్పేస్తే కుదరదు.

మీ
తాతయ్య