ఇక్కడివారమని రుజువు చూపాలా?

ప్రియమైన పిల్లలకు,

మీరు పుట్టి పెరిగిన దేశంలోనే ఎవరో మీది ఏ ఊరని అడుగుతారు. చెబుతారు. "అది కాదు, అసలు ఎక్కడివారు?" అని రెండో ప్రశ్న వస్తుంది. అడిగేవారిలో చాలామందికి చెడు ఉద్దేశం ఉండదు. అయినా ఆ రెండో ప్రశ్నకు మీ ముఖం చిన్నబోతుంది. వలస వచ్చిన మీ అమ్మానాన్నలకు తలచుకోవడానికి ఇంకొక దేశం ఉంది. మీకు ఉన్నది ఇదొక్కటే, అందుకే ఆ మాట మీకు మరింత లోతుగా తగులుతుంది.

అలా తగిలిన మనసు ఏం చేస్తుందో అమెరికాలో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ అధ్యయనం 2011లో వెలువడింది. ఆసియా మూలాలున్న కళాశాల విద్యార్థుల్లో కొందరిని ముందుగా "మీకు ఇంగ్లీషు వచ్చా?" అని అడిగారు. తర్వాత ఇష్టమైన వంటకం ఏదో రాయమన్నారు. ఆ ప్రశ్న ఎదురైనవారిలో అమెరికన్ వంటకం పేరు రాసినవారు, ఎదురుకానివారితో పోలిస్తే మూడు రెట్లు ఎక్కువ. చదువంతా ఇంగ్లీషులోనే సాగుతున్న పిల్లలు! ఒక్క ప్రశ్నకే, తిండి విషయంలో కూడా తాము ఇక్కడివారమేనని చూపుకోవలసి వచ్చింది. ఇది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఇంకొందరు దీనికి ఎదురుగా నడుస్తారు. ఫిన్లాండ్‌లోని వలసవారిపై 2009లో వెలువడిన పరిశోధనలో, వివక్షను చవిచూసినవారు ఆ దేశానికి మానసికంగా దూరం జరిగారని తేలింది. ఈ వరుసను గుర్తుంచుకోండి. ముందు తలుపు మూసి, తర్వాత లోపలికి రాలేదని నిందించేవారు ఎక్కడైనా ఉంటారు. "వీళ్లు మనలో కలవరు" అన్న మాట వినబడినప్పుడు మొదట కాదన్నది ఎవరో చూడండి.

ఇంటి సంస్కృతా, ఉంటున్న దేశమా, రెండింటిలో ఒకటి తేల్చుకోమని మిమ్మల్ని ఎవరైనా తొందరపెడితే లొంగకండి. 13 దేశాల్లో వలస కుటుంబాల యువతపై జరిగి, 2006లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఇంటి సంస్కృతితోనూ ఉంటున్న దేశంతోనూ అనుబంధం నిలుపుకున్నవారే మొత్తం మీద మెరుగ్గా కుదురుకున్నారు. అయితే ఆ భారమంతా మీ మీదే లేదు. వివక్ష ఉన్నచోట ఆ కుదురుబాటు కష్టమవుతుంది. దాన్ని తగ్గించవలసింది బడి, చట్టం, ఇరుగుపొరుగు.

ఇలాంటిది జరిగిన రోజునే ఇంట్లో చెప్పండి. "పట్టించుకోకు" అని మాట దాటవేసే పెద్దలు ఉంటే వారికి ఈ ఉత్తరం చూపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య