విదేశీ విధుల నుంచి వచ్చే జవానుకు స్వాగతం: అపోహలు, వాస్తవాలు

కాంగో, దక్షిణ సూడాన్, లెబనాన్ వంటి చోట్ల ఐక్యరాజ్య సమితి శాంతి దళాల్లో పనిచేసి ఇంటికొచ్చే జవాన్లకు మన ఊళ్లలో స్వాగత సభలు పెడుతున్నారు. పెట్టాలి కూడా. అయితే ఊరంతా ప్రేమతో చేసే ఏర్పాట్లలో కొన్ని చట్టానికి విరుద్ధంగా ఉంటాయి, కొన్ని ఆ జవానుకే చిక్కులు తెస్తాయి. ఇలాంటి సభలు నడిపే మాజీ సైనికులుగా మేము తరచూ వినే మాటలు, వాటికి మా జవాబులు ఇవి.

అపోహ: "యూఎన్ డ్యూటీ అంటే డాలర్ల డ్యూటీ. దానికి సన్మానం ఎందుకు?"

ఒక్కో సైనికుడికి నెలకు 1,400 డాలర్ల పైచిలుకు లెక్కన సమితి చెల్లించేది ఆయన్ని పంపిన ప్రభుత్వానికి. సమితి తరఫున జవానుకు అందే దినసరి భత్యం 1.28 డాలర్లు. మన ప్రభుత్వం ఇచ్చే విదేశీ భత్యం వేరే ఉంటుంది, నిజమే. కానీ అక్కడ పని ఎలాంటిదో కూడా చూడాలి. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లీలో కాన్వాయ్‌పై మాటువేసి జరిపిన దాడిలో ఐదుగురు భారత సైనికులు చనిపోయారు. 2022 జులైలో కాంగోలోని బుటెంబోలో ఇద్దరు బీఎస్ఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. భత్యం కోసం వెళ్లాడనే మాట ఆ ఇంటివాళ్ల చెవిన పడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

అపోహ: "ఫలానా తేదీకి దిగుతాడు, ఫ్లెక్సీ కొట్టించేద్దాం."

వీళ్ల స్థానంలో పనిచేసే కొత్త దళం అక్కడికి చేరాకే పాత దళం కదులుతుంది. అదీ ఒకేసారి కాదు, విడతలుగా. స్వదేశం చేరాక సామాను అప్పగింతలు, వైద్య పరీక్షలు అయి, సెలవు మంజూరైతేనే ఇంటికి బయలుదేరతారు. రైలు టికెట్ ఖరారయ్యే దాకా తేదీ అచ్చు వేయించకండి. దిగిన రోజే సభ పెట్టకండి. మూడు నాలుగు రోజులు ఇంట్లోవాళ్లతో ఉండనివ్వండి. అన్నిటికంటే ముందు ఆయన్ని, ఆయన భార్యను లేదా తల్లిని విడిగా అడగండి: "సభ పెట్టమంటారా, వద్దా?" వద్దంటే అక్కడితో ఆపేయండి.

ఫ్లెక్సీ మీద సర్వీసు నంబరు, యూనిట్ పేరు, పనిచేసిన క్యాంపు వివరాలు వేయకూడదు. పేరు, ర్యాంకు, సాదా దుస్తుల్లో ఉన్న ఫొటో సరిపోతాయి. ఫేస్‌బుక్ లైవ్ వద్దు. 2020లో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ సహా 89 యాప్‌లు తొలగించమని ఆదేశించింది కూడా. మీరు పెట్టే పోస్టుకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆయనే.

అపోహ: "జాతీయ జెండా కప్పి సత్కరిస్తే అంతకంటే గౌరవం లేదు."

ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో, సైనిక, పారామిలటరీ దళాల అంత్యక్రియల్లో తప్ప జెండాను వస్త్రంలా కప్పడానికి వీల్లేదని 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం, 2002 నాటి జెండా నియమావళి చెబుతున్నాయి. క్షేమంగా ఇంటికొచ్చిన మనిషి భుజాల మీద జెండా కప్పడం ఆ తల్లికి ఏం గుర్తుచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పట్టు శాలువా కప్పండి, మంగళగిరి కండువా వేయండి. ఊరేగింపు జీపు బానెట్ మీద, టాప్ మీద జెండా పరచడం కూడా నిషేధమే.

పిల్లల చేతికి కాగితం జెండాలే ఇవ్వండి, ప్లాస్టిక్‌వి వద్దు. ఎన్ని పంచారో లెక్క రాసుకుని, సభ అయ్యాక అన్నీ వెనక్కి తీసుకునే పని ఇద్దరికి అప్పగించండి. మైదానంలో తొక్కుడుపడిన జెండాలు మిగిలాయంటే ఆ సభ పెట్టి ప్రయోజనం లేదు.

అపోహ: "యుద్ధ వాతావరణం చూసినవాడికి పటాసులు ఓ లెక్కా?"

లెక్కే. కాల్పులు వినిపించే చోట ఏడాది గడిపిన శరీరం పేలుడు శబ్దానికి ఆలోచనకంటే ముందే స్పందిస్తుంది. తల వంచడం, పక్కనున్నవాళ్లను కిందికి లాగడం, గుండెదడ, చెమటలు. ఇది పిరికితనం కాదు, ప్రాణం కాపాడిన అలవాటు. అందరికీ ఉండదు, ఉన్నవాళ్లు బయటపడనివ్వరు. వెనకనుంచి హఠాత్తుగా పదివేల వాలా అంటిస్తే పదిమందిలో ఉలిక్కిపడి, ఆ సిగ్గుతో పండగంతా మౌనంగా కూర్చుంటారు.

అందుకే పటాసులు, డీజే బాక్సులు పూర్తిగా మానేయండి. డప్పులు, సన్నాయి ఉండొచ్చు. ఎక్కడ మొదలవుతాయో ముందే చెప్పండి, మేళం ఆయనకు ఎదురుగా ఉండాలి, వెనక కాదు. రైల్వే స్టేషన్లో అయితే పూలదండ, హారతితో సరిపెట్టుకోండి. టపాసులు రైల్వే ఆవరణలోకి తీసుకెళ్లడమే నేరం. నలుగురు వెళ్తే చాలు, నలుగురికీ ప్లాట్‌ఫాం టికెట్ తీసుకోండి.

వారాలు గడిచినా నిద్రపట్టకపోవడం, చిన్నదానికే కోపం తగ్గకపోతే మిలిటరీ ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: "యూనిఫాంలో, మెడల్స్‌తో రావాల్సిందే."

సెలవులో ఉన్నవాళ్లు సాదా దుస్తుల్లో ఉండటమే మామూలు. బలవంతపెట్టకండి. ఇక నీలి రిబ్బన్ ఉన్న సమితి పతకం సాధారణంగా 90 రోజుల సర్వీసు పూర్తిచేసినవాళ్లకు దక్కుతుంది. అది శౌర్య పతకం కాదు. వ్యాఖ్యాత ఉత్సాహంలో "వీరచక్ర గ్రహీత" అనేస్తే ఇబ్బంది ఆయనకే. సమితి విధుల్లో పరమవీర చక్ర అందుకున్నది 1961లో కాంగోలో వీరమరణం పొందిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియా ఒక్కరే.

అపోహ: "ఎమ్మెల్యే వస్తేనే నిండుదనం, విలేకరులతో నాలుగు మాటలు చెప్పిస్తేనే పేరు."

పార్టీ అవసరానికి పెట్టే సభలో సర్వీసులో ఉన్న సైనికుడు పాల్గొనడాన్ని, అనుమతి లేకుండా సర్వీసు విషయాలు పత్రికలకు చెప్పడాన్ని 1954 ఆర్మీ రూల్స్ నిషేధిస్తున్నాయి. నాయకులు రావొచ్చు. పార్టీ కండువా, పార్టీ ఫ్లెక్సీ, పార్టీ నినాదం మాత్రం వేదిక దరిదాపుల్లో ఉండకూడదు. సభ నలభై నిమిషాలు దాటకూడదు. మాట్లాడేవాళ్లు ముగ్గురు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. "ఎంతమందిని చంపావు?" అని పిల్లలు అడగకుండా టీచర్లు ముందే చెప్పాలి.

ముందు వరసలో కుర్చీలు వేసేటప్పుడు శ్రీలంక వెళ్లొచ్చిన పాత జవాన్లను మరవకండి. 1987 నుంచి 1990 దాకా అక్కడ మన శాంతి సేన దాదాపు 1,200 మందిని పోగొట్టుకుంది. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవుకు చేరినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. రాజకీయ కారణాలు ఏవైనా, పంపితే వెళ్లిన జవాను చేసిన తప్పేమిటి? ఆ దళాల్లో పనిచేసిన తెలుగువాళ్లు ఇప్పుడు ఊళ్లలో తాతలయ్యారు. శాలువా వాళ్లకూ బాకీ ఉంది.

అపోహ: "జ్వరమా? ప్రయాణ బడలికే."

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకు జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించాలి. అక్కడి ఫాల్సిపారం రకం రోజుల్లోనే మెదడుకు ఎక్కి ప్రాణం తీయగలదు. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని ఊరుకోకండి. డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సిన మాట "కాంగో నుంచి వచ్చారు" అనే. నివారణకు డాక్సీసైక్లిన్ వాడుతున్నవాళ్లు ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు మింగాలి. ఇంటికొచ్చాక విందుల హడావుడిలో మానేసేది సరిగ్గా ఈ మందునే.

అపోహ: "సన్మానం చేశాం, మన బాధ్యత అయిపోయింది."

జవానుకు ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు. అందులో సగం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడానికే పోతుంది. మెమెంటోకి పెట్టే డబ్బు, మనుషులు ఇక్కడ పనికొస్తారు. ఆయన రాకముందే మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేరు మార్పు), రేషన్ కార్డులో పేరు, పిల్లల అడ్మిషన్ వంటి పెండింగ్ పనుల జాబితాను ఇంట్లోవాళ్ల దగ్గర రాసుకుని, కాగితాలు సిద్ధం చేసి, జిల్లా సైనిక సంక్షేమ అధికారి ద్వారా కలెక్టరేట్‌కు పంపండి.

భూమి తగాదా కోర్టులో ఉంటే 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం గురించి లాయర్‌ను అడగండి. సముద్రం దాటి పనిచేస్తున్న సైనికుడు హాజరు కాలేని కేసును వాయిదా వేయించడానికి అందులో దారి ఉంది. ఆ సంగతి కలెక్టరు ధ్రువీకరించి కోర్టుకు తెలపవచ్చు. విదేశంలో ఉన్న కాలాన్ని దావా గడువు లెక్కలోంచి మినహాయిస్తారు కూడా. ఈ చట్టం సైనిక చట్టం కిందికి వచ్చేవాళ్లకు. బీఎస్ఎఫ్ వంటి దళాల వాళ్లయితే తమకు వర్తిస్తుందో లేదో ముందు తేల్చుకోవాలి. అవతలివాళ్లు ఏకపక్షంగా డిక్రీ తెచ్చుకున్నాక పరుగెత్తడం కంటే, ఆయన విమానం ఎక్కిన వారంలోనే ఇంట్లోవాళ్లు లాయర్‌కు పోస్టింగ్ ఉత్తర్వు నకలు ఇచ్చి ఉంచడం మేలు.